మల్టీ-జోన్ సింబల్ ప్యాడ్‌ను డ్రమ్ మాడ్యూల్‌కు కలపడం: కేబుల్ నుంచి సెట్టింగుల దాకా

ఎలక్ట్రానిక్ డ్రమ్ కిట్‌కి మూడు జోన్ల (విడివిడిగా పలికే భాగాల) రైడ్ సింబల్, అంటే తాళం నడిపే సింబల్ కొని, కేబుల్ పెట్టి, ప్యాడ్ దెబ్బల్ని శబ్దంగా మార్చే పెట్టె అయిన మాడ్యూల్ ఆన్ చేశాక చాలామందికి ఒకే సమస్య ఎదురవుతుంది. పైభాగం మీద కొడితే బాగానే మోగుతుంది. అంచు మీద కొట్టినా అదే శబ్దం, బెల్ మీద కొట్టినా అదే శబ్దం. చేత్తో పట్టుకుంటే ఆగదు. ప్యాడ్ పాడైందనుకుని టెన్షన్ పడి షాపుకి ఫోన్ చేస్తారు. చాలాసార్లు ప్యాడ్‌లో ఏ లోపమూ ఉండదు. కేబుల్ సరైనది కాకపోవడమో, జాక్ మారిపోవడమో, మెనూలో ప్యాడ్ రకం తప్పుగా ఉండటమో కారణమవుతుంది. ఈ మూడింటినీ సొంతంగా సరిచేసుకోవాలంటే ఆ కేబుల్‌లో ఏ తీగ ఏ పని చేస్తుందో తెలియాలి. అది తెలిస్తే ఏ కంపెనీ సింబల్‌ని ఏ మాడ్యూల్‌కి కలపొచ్చో, కలిపితే ఎన్ని జోన్లు పలుకుతాయో కొనకముందే చెప్పగలరు. అందుకని తీగ సంగతి ముందు వివరంగా చూద్దాం. ఆ తర్వాత మెట్లన్నీ తేలిగ్గా ఉంటాయి.

సింబల్ లోపల ఏముంటుంది

సింబల్ నడుమ ఉబ్బెత్తుగా ఉండేది బెల్. బెల్ దగ్గర్నుంచి అంచు దాకా పరుచుకున్న వెడల్పు భాగం బో. చివరి అంచు ఎడ్జ్. ఈ మూడూ విడివిడిగా పలికితే మూడు జోన్ల సింబల్ అంటాం. బో, ఎడ్జ్ మాత్రమే పలికితే రెండు జోన్లు. క్రాష్‌కి, అంటే ఒక్క దెబ్బతో పెద్దగా మోగించే సింబల్‌కి, సాధారణంగా రెండు జోన్లు సరిపోతాయి. రైడ్‌కి మాత్రం బెల్ లేకపోతే సగం వాయిద్యం లేనట్టే.

బో కింద పీజో సెన్సర్ ఉంటుంది. అది నాణెంలాంటి పలుచని బిళ్ల. దెబ్బ అదురు తగలగానే తనంతట తనే చిన్న వోల్టేజి పుట్టిస్తుంది, బయటి కరెంటు అక్కర్లేదు. గట్టిగా కొడితే ఎక్కువ వోల్టేజి, మెల్లగా కొడితే తక్కువ. ఎడ్జ్, బెల్ రబ్బరు కింద ఉండేవి మాత్రం సాధారణంగా మెంబ్రేన్ స్విచ్‌లు. నొక్కితే రెండు పలుచని పొరలు కలుసుకుంటాయి, వదిలితే విడిపోతాయి. ఎంత గట్టిగా కొట్టారన్నది స్విచ్‌కి తెలియదు. మూసుకుందా, తెరుచుకుందా అన్న ఒక్క సంగతే చెబుతుంది.

మాడ్యూల్ ఈ రెండు కబుర్లనూ కలిపి చదువుతుంది. పీజో పలికి, స్విచ్ తెరిచి ఉంటే అది బో. పీజో పలికిన క్షణంలోనే స్విచ్ కూడా మూసుకుంటే ఎడ్జ్. పీజో పలక్కుండా స్విచ్ మాత్రం మూసుకుని ఉంటే, ఎవరో సింబల్‌ని చేత్తో పట్టుకున్నారని అర్థం, శబ్దాన్ని ఆపేయాలి. దీన్నే చోక్ అంటారు. చోక్ కోసం విడిగా సెన్సర్ ఉండదు, ఎడ్జ్ స్విచ్చే ఆ పని చేస్తుంది. అందుకే ఎడ్జ్ పలకని చోట చోక్ కూడా పనిచేయదు. ఈ రెండూ ఒకేసారి పోయాయంటే దారి ఒకటే తెగిందని వెంటనే పట్టేయొచ్చు.

మూడు భాగాల పిన్, రెండు స్విచ్‌ల చిక్కు

ప్యాడ్ కేబుల్ చివర 6.35 మిల్లీమీటర్ల పిన్ ఉంటుంది. మన ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో దీన్ని పీ-38 అంటారు. హైదరాబాద్ కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్ళి ‘పీ-38 స్టీరియో’ అని అడిగితే కావాల్సింది చేతిలో పెడతారు. స్టీరియో పిన్ మీద రెండు నల్ల గీతలు ఉంటాయి, అవి పిన్‌ని మూడు భాగాలుగా విడదీస్తాయి. కొనలో టిప్, మధ్యలో రింగ్, మొదట్లో స్లీవ్. మోనో పిన్ మీద గీత ఒక్కటే, భాగాలు రెండే.

సింబల్ ప్యాడ్లలో సాధారణంగా టిప్ మీద పీజో వస్తుంది, రింగ్ మీద స్విచ్ వస్తుంది, స్లీవ్ రెండింటికీ ఉమ్మడి గ్రౌండ్. స్విచ్ మూసుకుంటే రింగ్ వెళ్ళి స్లీవ్‌కి తగులుతుంది.

ఇప్పుడు గిటార్‌కి వాడే మోనో కేబుల్ పెడితే ఏమవుతుందో చూడండి. మోనో పిన్‌లో రింగ్ ఉండాల్సిన చోట కూడా స్లీవే ఉంటుంది. జాక్‌లో రింగ్, స్లీవ్ కలిసిపోతాయి. స్విచ్ ఎప్పుడూ మూసుకునే ఉందని మాడ్యూల్ నమ్ముతుంది. దాంతో ఎక్కడ కొట్టినా ఎడ్జ్ శబ్దమే వస్తుంది, లేదా ప్రతి దెబ్బా మొదలవగానే చోక్ అయిపోతుంది. సెట్టింగులు ఎన్ని మార్చినా ఇది పోదు. మల్టీ-జోన్ సింబల్‌కి రెండు చివరలా స్టీరియో పిన్ ఉన్న కేబుల్ తప్పనిసరి.

రెండు జోన్లకు ఇది చాలు. మూడో జోన్‌తోనే చిక్కు మొదలవుతుంది. ఎడ్జ్‌కి ఒక స్విచ్, బెల్‌కి ఇంకో స్విచ్. రింగ్ మాత్రం ఒక్కటే. ఈ చిక్కును కంపెనీలు తలో రకంగా విప్పుకున్నాయి.

రోలాండ్ పాత, మధ్యతరం రైడ్‌లలో రెండు జాక్‌లు ఇచ్చింది. సీవై-15ఆర్, సీవై-13ఆర్ కింద చూస్తే ఒక జాక్ పక్కన బో/ఎడ్జ్ అని, రెండో దాని పక్కన బో/బెల్ అని రాసి ఉంటుంది. మూడు జోన్లూ కావాలంటే రెండు స్టీరియో కేబుళ్ళు లాగాలి, మాడ్యూల్‌లో రెండు ఇన్‌పుట్లు ఖర్చవుతాయి.

యమహా ఒకే కేబుల్‌తో సరిపెట్టింది. పీసీవై135, పీసీవై155 లాంటి సింబళ్ళలో స్విచ్‌లకు రెసిస్టర్ లెక్క ఉంటుంది. ఎడ్జ్ నొక్కితే రింగ్‌కి, స్లీవ్‌కి మధ్య ఒక రెసిస్టెన్స్, బెల్ నొక్కితే ఇంకో రెసిస్టెన్స్. ఆ విలువను బట్టి ఏ స్విచ్ మూసుకుందో యమహా మాడ్యూల్ గుర్తుపడుతుంది. సుళువైన పద్ధతి, కేబుళ్ళ గొడవ తక్కువ. కాకపోతే ఈ లెక్క చదవడం తెలిసిన మాడ్యూల్‌కే మూడు జోన్లూ దక్కుతాయి.

మూడో దారి డిజిటల్. రోలాండ్ 2016లో టీడీ-50తో పాటు సీవై-18డీఆర్ అనే రైడ్‌ని తెచ్చింది. అందులో ఎన్నో సెన్సర్లు ఉంటాయి, ఎక్కడ కొట్టారన్నది సింబలే లెక్కగట్టి యూఎస్‌బీ కేబుల్ ద్వారా మాడ్యూల్‌కి పంపుతుంది. అక్కడ టిప్, రింగ్ సంగతే లేదు.

కొనే ముందు తేల్చుకోవాల్సింది ఇదే. మీ మాడ్యూల్ ఈ మూడు దారుల్లో దేన్ని చదవగలదు? కంపెనీలు కలిపి వాడితే సాధారణంగా రెండు జోన్ల వరకే పనవుతుంది. రోలాండ్ మాడ్యూల్‌కి యమహా సింబల్ పెడితే బో, ఎడ్జ్ వస్తాయనుకోండి, బెల్ మీద ఆశ పెట్టుకోవద్దు. యమహా మాడ్యూల్‌కి రోలాండ్ రైడ్ పెట్టినా అంతే. మధ్యలో రెసిస్టర్లు పెట్టి ప్రత్యేకంగా కేబుల్ చేసుకునేవాళ్ళు ఉన్నారు. టంకం వేయడం వచ్చినవాళ్ళకి అది మంచి పనే. మొదటిసారి కిట్ కొనుక్కునేవాళ్ళకు మాత్రం మాడ్యూల్, రైడ్ ఒకే కంపెనీవి తీసుకోమనే చెబుతాను. క్రాష్‌లు వేరే కంపెనీవి అయినా పెద్ద నష్టం లేదు.

మొదటి మెట్టు: మాడ్యూల్ వెనక్కి తిప్పి చూడండి

ఒక్కో ఇన్‌పుట్ పక్కన ఏం రాసి ఉందో చదవండి. క్రాష్, రైడ్, ఆక్స్ (అదనపు ప్యాడ్‌కి) అని ఉన్నవి సింబళ్ళకు అనువైనవి. టామ్ ఇన్‌పుట్ల విషయంలో జాగ్రత్త అవసరం. టామ్ (సింబల్ కాకుండా డ్రమ్ము) ప్యాడ్లలో తల మీద ఒక పీజో, రిమ్ అనే చుట్టంచు మీద ఇంకో పీజో ఉండే రకాలున్నాయి, అంటే రింగ్ మీద కూడా వోల్టేజే వస్తుంది. అలాంటి ఇన్‌పుట్‌కి సింబల్ స్విచ్ పెడితే, ఆ ఇన్‌పుట్ మెనూలో సింబల్ రకం ఎంచుకునే వీలుంటేనే ఎడ్జ్ పలుకుతుంది. మెనూలో లేకపోతే బో ఒక్కటే దక్కుతుంది.

తక్కువ ధర కిట్లలో విడి జాక్‌లు ఉండవు. ఒక వెడల్పాటి 25 పిన్నుల కనెక్టర్ నుంచి కేబుళ్ళ గుత్తి వస్తుంది, ఒక్కో కొన మీద క్రాష్, రైడ్ అని చీటీలు ఉంటాయి. ఆ గుత్తిలో పిన్నులన్నీ స్టీరియోలా కనిపించినా మాడ్యూల్ రింగ్‌ని పట్టించుకోని ఇన్‌పుట్లు కొన్ని ఉండొచ్చు. మాన్యువల్‌లో ఒక్కో ఇన్‌పుట్ ఎన్ని జోన్లని రాస్తారు, ఆ పేజీ చూడకుండా ఖరీదైన రైడ్ కొనకండి. అలెసిస్ నైట్రో మెష్ లాంటి వాటిలో గుత్తితో పాటు రెండో క్రాష్‌కి, నాలుగో టామ్‌కి విడి జాక్‌లు కూడా ఉంటాయి. ఇంకో సింబల్ కలుపుకోవడానికి ముందు చూడాల్సింది అక్కడే.

రోలాండ్ పద్ధతిలో రెండు కేబుళ్ళ రైడ్ అయితే ఇంకో ప్రశ్న కూడా ఉంది. రెండు ఇన్‌పుట్లూ కలిసి ఒకే రైడ్ అని ఆ మాడ్యూల్ అర్థం చేసుకుంటుందా? రెండు ఖాళీ జాక్‌లు కనిపించినంత మాత్రాన చాలదు. మాన్యువల్‌లో మూడు జోన్ల రైడ్ బొమ్మ వేసి, ఏ కేబుల్ ఏ జాక్‌లోకి వెళ్ళాలో చూపించి ఉండాలి.

రెండో మెట్టు: స్టాండ్ మీద సరిగ్గా కూర్చోబెట్టడం

దీన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. సింబల్ ప్యాడ్ ఇష్టమొచ్చినట్టు తిరగకూడదు. తిరిగితే కేబుల్ మెలిపడుతుంది, అంతకంటే ముఖ్యంగా సెన్సర్ ఉన్న భాగం మీ ముందు నుంచి పక్కకి పోతుంది. చిన్న సింబళ్ళు చాలావాటిలో ఎడ్జ్ స్విచ్ చుట్టూతా ఉండదు, వాయించేవాళ్ళ వైపున్న సగంలోనే ఉంటుంది. అందుకే పెట్టెలో తిరగకుండా ఆపే చిన్న స్టాపర్ ఇస్తారు. దాన్ని స్టాండ్ రాడ్‌కి ముందు బిగించి, సింబల్ అడుగున ఉన్న గాడి అందులో కూర్చునేలా పెట్టాలి. కంపెనీ లోగో మీకు ఎదురుగా అవతలి వైపున, జాక్ అటువైపే ఉండటం మామూలు. ఎడ్జ్ సరిగా పలకడం లేదని అనిపిస్తే ముందు సింబల్‌ని సగం చుట్టు తిప్పి కొట్టి చూడండి.

పైన వింగ్ నట్‌ని మరీ బిగించకండి. సింబల్ కాస్త ఊగాలి. బిగిస్తే దెబ్బ నేరుగా రాడ్‌లోకి దిగి, అదే ర్యాక్ (ప్యాడ్లన్నీ బిగించే పైపుల చట్రం) మీదున్న మిగతా ప్యాడ్లను కూడా అదిరిస్తుంది, మణికట్టుకీ మంచిది కాదు. మరీ వదులుగా ఉంటే ఊగి వచ్చి ఫెల్ట్ అనే మెత్తటి బిళ్లకి కొట్టుకుని రెండోసారి పలుకుతుంది.

మూడో మెట్టు: కేబుల్ కలపడం

మాడ్యూల్ ఆఫ్ చేయండి, వాల్యూమ్ పూర్తిగా తగ్గించండి. హెడ్‌ఫోన్ చెవిలో ఉండగా ప్యాడ్ పిన్నులు తీసి పెట్టడం చెవులకు ప్రమాదం. ఇంకో మాట: లైన్ అవుట్, హెడ్‌ఫోన్ జాక్‌లు కూడా ఇదే సైజు. చీకట్లో తడుముకుంటూ ప్యాడ్ కేబుల్‌ని అవుట్‌పుట్‌లో పెట్టేసే వీలుంది, టార్చ్ వేసి చూసి పెట్టండి.

రెండు జోన్ల క్రాష్ అయితే ఒకే స్టీరియో కేబుల్. సింబల్ వైపు ఎల్ ఆకారంలో వంగిన పిన్ ఉంటే మంచిది, నిటారు పిన్ అడుగున పొడుచుకొచ్చి స్టాండ్‌కి తగులుతుంది. పిన్ లోపలిదాకా దిగిందని తెలిసేలా ‘టక్’మని ఆనాలి. సగం దిగిన పిన్‌లో టిప్, రింగ్ ఒక మెట్టు పక్కకి జరిగి తగులుతాయి. అప్పుడు వచ్చే వింత శబ్దాలు చూసి ప్యాడ్ పోయిందనుకుంటారు.

యమహా పద్ధతి మూడు జోన్ల సింబల్‌కీ ఇంతే, ఒక్క కేబుల్. మూడు జోన్లు చదివే ఇన్‌పుట్‌లోనే పెట్టాలి.

రోలాండ్ పద్ధతి రైడ్‌కి రెండు కేబుళ్ళు. రెండింటికీ రెండు చివరలా చీటీ అంటించండి, లేదా రంగు టేప్ చుట్టండి. బో/ఎడ్జ్, బో/బెల్ తారుమారైతే అంచు మీద కొడితే బెల్, బెల్ మీద కొడితే అంచు శబ్దం వస్తుంది. చోక్ కూడా గల్లంతవుతుంది. మాడ్యూల్‌లో రైడ్‌కి ఒక్క ఇన్‌పుటే ఉంటే రెండింట్లో ఒకటి ఎంచుకోవాలి. బో/ఎడ్జ్ పెడితే అంచు, చోక్ వస్తాయి, బెల్ పోతుంది. బో/బెల్ పెడితే బెల్ వస్తుంది, అంచు, చోక్ పోతాయి. నన్నడిగితే రైడ్‌గా వాడేటప్పుడు బో/బెల్ పెట్టమంటాను. రైడ్‌ని చేత్తో పట్టి ఆపే సందర్భాలు తక్కువ, బెల్ మీద తాళం నడిపే సందర్భాలు ఎక్కువ. అదే సింబల్‌ని క్రాష్‌గా వాడితే మారుమాట లేకుండా బో/ఎడ్జ్.

డిజిటల్ సింబల్ అయితే మాడ్యూల్ మీద డిజిటల్ ట్రిగ్గర్ ఇన్ అని రాసి ఉన్న పోర్టులోనే పెట్టాలి. కంప్యూటర్‌కి వెళ్ళే యూఎస్‌బీ పోర్టు వేరు, పెన్‌డ్రైవ్ పోర్టు వేరు. మొదటిసారి పెట్టినప్పుడు దాన్ని కిట్‌లో దేనిగా వాడాలో మాడ్యూల్‌లో ఎంచుకోవాలి, రైడ్ అని ఇవ్వండి. అలా ఇచ్చాక పాత రైడ్ జాక్‌లోని అనలాగ్ సింబల్ పలకదు, కంగారు పడకండి.

కేబుల్‌ని స్టాండ్‌కి వెల్క్రో పట్టీతో కట్టేటప్పుడు సింబల్ దగ్గర ఒక చిన్న వంపు వదులుగా ఉంచండి. సింబల్ ఊగిన ప్రతిసారీ ఆ వంపే కదలాలి, పిన్ కదలకూడదు. కేబుళ్ళు ఎక్కువగా తెగేది పిన్ మొదట్లోనే.

నాలుగో మెట్టు: మెనూలో ప్యాడ్ రకం

కొందరు మాడ్యూల్ ఆన్ చేసి నేరుగా సెన్సిటివిటీ దగ్గరికి వెళ్ళిపోతారు. అంతకంటే ముందు ట్రిగ్గర్ టైప్, లేదా ప్యాడ్ టైప్ అనే సెట్టింగ్ చూడాలి. రింగ్ మీద వచ్చేది స్విచ్చా, పీజోనా, రెసిస్టర్ లెక్కా అన్నది మాడ్యూల్‌కి చెప్పేది ఇదే. మీ మోడల్ పేరు జాబితాలో ఉంటే దాన్నే ఎంచుకోండి. లేకపోతే అదే కంపెనీలో, అన్నే జోన్లున్న, దాదాపు అంతే సైజు సింబల్ పేరు ఎంచుకోండి. రైడ్ ఇన్‌పుట్‌లో క్రాష్ రకం పెట్టి ఉంటే బెల్ పలకకపోవచ్చు.

రకం మార్చగానే సెన్సిటివిటీ లాంటి విలువలన్నీ ఆ రకానికి తగ్గట్టు మళ్ళీ మొదటికొస్తాయి. కాబట్టి ఇది ముందు చేయాలి, మిగతావి తర్వాత. ఇప్పుడు బో మీద, ఎడ్జ్ మీద, బెల్ మీద ఒక్కొక్కటిగా కొట్టండి, ఆపైన అంచు పట్టుకుని చోక్ చూడండి. నాలుగూ పనిచేస్తే కలపడం పూర్తయినట్టే.

పనిచేయకపోతే ఇంకొక్కటి సరిచూసుకోండి: మీరు కొట్టే తీరు. ఎడ్జ్, బెల్ స్విచ్‌లు మూసుకోవాలంటే కాస్త వెడల్పుగా ఒత్తిడి పడాలి. కర్ర కొనతో బెల్‌ని గిల్లినట్టు కొడితే పీజో పలుకుతుంది, స్విచ్ మాత్రం మూసుకోదు. మాడ్యూల్ దాన్ని బో అనే అనుకుంటుంది. కర్ర కొన దాటిన తర్వాత ఉండే వాలు భాగం, అంటే షోల్డర్, బెల్ మీద ఆనేలా కొట్టండి. ఎడ్జ్ కూడా అంతే, కర్ర నడుముతో. కంచు సింబల్ మీదా బెల్ నిండుగా పలికేది ఇలా కొడితేనే, కాబట్టి ఈ అలవాటు ఎక్కడికి వెళ్ళినా ఉపయోగపడుతుంది.

ఐదో మెట్టు: సెన్సిటివిటీ, త్రెషోల్డ్, మిగతావి

వీటిని ఒక వరసలో చేస్తే సగం సమస్యలు రావు.

మొదట సెన్సిటివిటీ. మీరు పాటలో నిజంగా కొట్టే గట్టి దెబ్బ ఎంతో అంత కొట్టండి, కోపంగా కొట్టేది లెక్కలోకి తీసుకోవద్దు. మాడ్యూల్ తెర మీద కొలత గీత అప్పుడే పైకొసని తాకాలి. మామూలు దెబ్బలకే పైకొసకి చేరితే సెన్సిటివిటీ తగ్గించండి, లేకపోతే మెల్లగా కొట్టినా గట్టిగా కొట్టినా ఒకేలా వినిపిస్తుంది. చాలా రోలాండ్ మాడ్యూళ్ళలో ఇది 1 నుంచి 32 దాకా ఉంటుంది. యమహాలో గెయిన్ అన్న పేరుతో కనిపిస్తుంది.

తర్వాత త్రెషోల్డ్. ఇంతకంటే మెల్లని దెబ్బను పట్టించుకోవద్దు అని మాడ్యూల్‌కి చెప్పే గీత ఇది. సున్నా దగ్గర మొదలుపెట్టి, స్టాండ్‌ని వేలితో తట్టి చూడండి. సింబల్ పలికితే ఒక్కో అంకె పెంచుతూ పోండి. తట్టుడుకి పలకడం ఆగి, రైడ్ మీద మెత్తటి దెబ్బలు ఇంకా వినిపిస్తున్న చోట ఆపండి. ఈ రెండో షరతు మర్చిపోయి త్రెషోల్డ్ పెంచేస్తే మెత్తటి వాయింపు మొత్తం మింగేస్తుంది.

ఒక దెబ్బకి రెండు శబ్దాలు వస్తుంటే రీట్రిగ్గర్ క్యాన్సిల్, మాస్క్ టైమ్ అనేవి చూడాలి. మాస్క్ టైమ్ అంటే ఒక దెబ్బ పలికాక ఎన్ని మిల్లీసెకన్ల పాటు తర్వాతి దాన్ని విననట్టు ఉండాలి అని. ఇక్కడ చిన్న లెక్క వేసుకోండి. 120 టెంపోలో ఒక బీట్ 500 మిల్లీసెకన్లు. ఒక బీట్‌కి ఎనిమిది దెబ్బలు వేస్తే దెబ్బకీ దెబ్బకీ మధ్య 62.5 మిల్లీసెకన్లు. మాస్క్ టైమ్ 64 పెడితే ఆ రోల్‌లో, అంటే ఆ వేగమైన వరస దెబ్బల్లో, ఒకటి విడిచి ఒకటి మాయమవుతుంది. మీరు వాయించే అతి వేగమైన రోల్‌కి ఇలా లెక్కగట్టి, అందులో సగం దాటకుండా ఉంచితే ఏ దెబ్బా పోదు. రెండు శబ్దాల సమస్య అప్పటికీ తగ్గకపోతే మళ్ళీ వింగ్ నట్, ఫెల్ట్ చూడండి. స్టాండ్ దగ్గర పుట్టిన సమస్యని మెనూలో దాచిపెడితే ఇంకోచోట బయటపడుతుంది.

చివరిది క్రాస్‌టాక్. టామ్ కొడితే క్రాష్ కూడా పలకడం. ర్యాక్ మీద అన్నీ ఒకే పైపుకి బిగించి ఉంటాయి కాబట్టి ఇది సహజం. రోలాండ్ మాడ్యూళ్ళలో క్రాస్‌టాక్ క్యాన్సిల్‌ని, కొట్టకుండానే పలుకుతున్న ప్యాడ్ మీద పెంచాలి. పై ఉదాహరణలో క్రాష్ మీద. మరీ పెంచితే టామ్, క్రాష్ కలిపి ఒకేసారి కొట్టినప్పుడు మెల్లగా తగిలినది మాయమవుతుంది. ఒక్కో అంకె పెంచి, ప్రతిసారీ రెండూ కలిపి కొట్టి చూడండి.

అయిపోయాక సేవ్ చేయండి. పెన్‌డ్రైవ్‌లోకో ఎస్‌డీ కార్డులోకో బ్యాకప్ తీసే వీలుంటే తీసుకోండి. చర్చిలో, ఆర్కెస్ట్రాలో ఒకే కిట్ మీద నలుగురు వాయించే చోట సెట్టింగులు మారిపోతూనే ఉంటాయి.

కంప్యూటర్‌కి కలిపితే

మాడ్యూల్‌ని యూఎస్‌బీ మిడి (వాయిద్యాలు, కంప్యూటర్ల మధ్య నోట్ల కబుర్లు పంపే పద్ధతి) ద్వారా కంప్యూటర్‌లోని డ్రమ్ సాఫ్ట్‌వేర్‌కి పంపేవాళ్ళకి జోన్ అంటే ఒక నోట్ నంబరు. ఏ నంబరు ఏ శబ్దమో చెప్పే జనరల్ మిడి ప్రమాణం ప్రకారం 49 మొదటి క్రాష్, 57 రెండో క్రాష్, 51 రైడ్, 53 రైడ్ బెల్. రోలాండ్ మాడ్యూళ్ళు మామూలుగా మొదటి క్రాష్ అంచుకి 55, రెండో క్రాష్ అంచుకి 52, రైడ్ అంచుకి 59 పంపుతాయి. జనరల్ మిడిలో 55 అంటే స్ప్లాష్, 52 అంటే చైనా సింబల్. అందుకే సాఫ్ట్‌వేర్‌లో మ్యాపింగ్ మార్చకపోతే క్రాష్ అంచు మీద కొట్టినప్పుడు స్ప్లాష్ వినిపిస్తుంది. ప్యాడ్‌లో తప్పేమీ లేదు. సాఫ్ట్‌వేర్‌లో మీ మాడ్యూల్ పేరుతో మ్యాప్ ఉంటే ఎంచుకోండి. చోక్ నోట్‌గా వెళ్ళదు. రోలాండ్ మాడ్యూళ్ళు దాన్ని పాలీఫోనిక్ ఆఫ్టర్‌టచ్ అనే, ఒక్కో నోట్‌కి విడిగా వెళ్ళే ఒత్తిడి కబురుగా పంపుతాయి: పట్టుకుంటే 127, వదిలితే 0. మాడ్యూల్ సొంత శబ్దంలో చోక్ పనిచేసి, కంప్యూటర్‌లో పనిచేయకపోతే సాఫ్ట్‌వేర్‌లో ఆఫ్టర్‌టచ్ ఆఫ్‌లో ఉందేమో చూడండి.

ఆక్టోప్యాడ్, శాంప్లింగ్ ప్యాడ్ వాడేవాళ్ళకు

పెళ్ళి ఆర్కెస్ట్రాల్లో, చర్చి సంగీతంలో ఎక్కువ కనిపించేవి ఇవే, ఒకే పెట్టె మీద చాలా ప్యాడ్లుంటాయి. వీటికీ బయటి సింబల్ కలపొచ్చు. రోలాండ్ ఎస్పీడీ-ఎస్ఎక్స్‌లో ట్రిగ్గర్ ఇన్ జాక్‌లు రెండుంటాయి, ఒకటి 1/2, ఇంకోటి 3/4. ఒక్కో జాక్‌లో రెండు ట్రిగ్గర్లు వెళ్తాయి. స్టీరియో కేబుల్‌తో ఒక రెండు జోన్ల ప్యాడ్ పెట్టుకోవచ్చు, లేదా స్టీరియోని రెండు మోనోలుగా చీల్చే స్ప్లిటర్ వేసి రెండు ఒంటి జోన్ ప్యాడ్లు పెట్టుకోవచ్చు. మూడు జోన్ల రైడ్‌ని ఇక్కడ ఒక్క జాక్‌కి కలిపి బెల్, ఎడ్జ్ రెండూ రావాలనుకోవద్దు. స్ప్లిటర్‌తో ఇంకో హద్దు ఉంది: టిప్, రింగ్ రెండూ వేర్వేరు ప్యాడ్లకు పోతాయి కాబట్టి స్విచ్‌కి దారి మిగలదు, అంచూ చోకూ ఉండవు. డ్రమ్ మాడ్యూళ్ళ మీద స్ప్లిటర్ వాడాలంటే ఆ ఇన్‌పుట్ రింగ్ మీద పీజోని చదవగలదని తెలిశాకే కొనండి.

మల్టీమీటర్‌తో పరీక్ష

సెకండ్ హ్యాండ్ సింబల్ కొనేటప్పుడు మాడ్యూల్ పక్కన లేకపోయినా చిన్న మల్టీమీటర్ ఉంటే చాలు. స్టీరియో కేబుల్ ఒక కొనని సింబల్‌లో పెట్టి, రెండో కొనని చేతిలో పట్టుకోండి. మీటర్‌ని రెసిస్టెన్స్ మీద పెట్టి, ఒక మొనని రింగ్‌కి, ఇంకో మొనని స్లీవ్‌కి ఆనించండి. అంచుని నొక్కితే రీడింగ్ పడిపోవాలి. బీప్ మోడ్ వాడకండి, రెసిస్టర్ ఉన్న స్విచ్ నొక్కినా బీప్ రాదు, మంచి సింబల్‌ని పాడైందనుకుంటారు. అంచు, బెల్ నొక్కినప్పుడు ఒకే కేబుల్ మీద రెండు వేర్వేరు విలువలు కనిపిస్తే అది యమహా తరహా. సింబల్‌కి రెండు జాక్‌లుండి, ఒక్కో జాక్ మీద ఒక్కో స్విచ్ దాదాపు సున్నా చూపిస్తే రోలాండ్ తరహా. ఏమీ నొక్కకుండానే రీడింగ్ పడిపోయి ఉంటే స్విచ్ అతుక్కుపోయింది, లేదా కేబుల్‌లో షార్ట్ ఉంది. కేబుల్ మార్చి చూస్తే ఏదో తేలిపోతుంది. అంచు పొడవునా నాలుగైదు వేళ్ళ దూరానికి ఒకచోట నొక్కుతూ పోండి. కొన్ని చోట్ల రీడింగ్ పడకపోతే అక్కడ స్విచ్ చచ్చిపోయినట్టు, ధర ఆ మేరకు తగ్గాలి.

పీజోకి ఇలా రెసిస్టెన్స్ కొలిచి లాభం లేదు, బాగున్నా ఓపెన్ అనే చూపిస్తుంది. మీటర్‌ని ఏసీ వోల్టేజి తక్కువ రేంజ్‌లో పెట్టి, టిప్‌కి, స్లీవ్‌కి మధ్య ఆనించి బో మీద తట్టండి. అంకెలు ఎగిరిపడితే పీజో బతికే ఉంది.

విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీర ఊళ్ళలో ఇంకో సమస్య ఉంది. ఉప్పు గాలికి, తేమకి పిన్నులు, జాక్‌లు మసకబారతాయి. అలాంటప్పుడు ఎడ్జ్ ఒకసారి పలికి ఒకసారి పలకదు, పిన్‌ని కాస్త తిప్పితే మళ్ళీ వస్తుంది. మాడ్యూల్ ఆఫ్ చేసి, ఎలక్ట్రానిక్స్ కాంటాక్ట్ క్లీనర్‌ని పిన్ మీద కొట్టి, పదిసార్లు లోపలికీ బయటికీ ఆడించి, ఆరనిచ్చి వాడండి. తలుపు కీళ్ళకు వాడే నూనె స్ప్రేలు దీనికి పనికిరావు, జిడ్డు మిగిలి దుమ్ము పడుతుంది. కిట్‌ని చాలా రోజులు వాడకుండా వదిలేస్తే పిన్నులు జాక్‌లలోనే ఉంచి, పైన గుడ్డ కప్పండి.